ఇంట్లో మీటరు లెక్క డాక్టరు దాకా చేరేదెలా?

చౌడేపల్లె: తెల్లవారి పాల కేంద్రం వద్ద క్యాను దించిన రైతు ముందుగా అడిగే మాట ఒక్కటే, ఈ పూట వెన్న ఎంత వచ్చిందని. ఆ అంకె చీటీ మీద పడుతుంది. పూట పూటకూ తేదీ, లీటర్లు, వెన్న శాతం అన్నీ నమోదవుతాయి. బిల్లు వచ్చిననాడు ఒక్క పూట తేడా కనబడినా రైతు ఊరుకోడు. చీటీలన్నీ ముందేసుకుని లెక్క తేలుస్తాడు. ఒక్క పూట పాలు చూసి ఆవుకు వెల కట్టే రైతు ఈ ప్రాంతంలో ఎక్కడా కనబడడు.

అదే రైతు తన ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం రెండు నెలలకొకసారి పట్నం వెళ్ళి, ఒక్క పూట రక్తపరీక్ష చేయించుకుని, ఆ ఒక్క అంకెను బట్టి రాసిచ్చిన మందును మరో రెండు నెలలు వాడుతున్నాడు. చక్కెర జబ్బు వున్న ఇళ్ళలో నేడు పరీక్ష మీటర్లకు కొదవ లేదు. కొడుకు బెంగుళూరు నుంచి కొనితెచ్చినదో, మందుల షాపులో తీసుకున్నదో ఒకటి అల్మారాలో వుంటున్నది. అందులో నెలల తరబడి లెక్కలు నిలువ వున్నాయి. వాటిని రోగి చూపించడం లేదు, డాక్టరు అడగడం లేదు. ఈ చిన్న లోపం ఎంత ప్రమాదానికి దారితీయగలదో మండలంలోని ఒక పల్లెలో జరిగిన ఉదంతం తెలియజేస్తున్నది.

ఆవుల కొట్టంలో పడిపోయిన రైతు

అరవై దాటిన ఆ రైతుకు ఎకరన్నర టమోటా మడి, రెండు ఆవులు వున్నాయి. పన్నెండేళ్ళుగా చక్కెర జబ్బు. కొన్నేళ్ళుగా ఉదయం, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకుంటున్నాడు. డాక్టరు వద్దకు వెళ్ళే రోజున ఆయన తొలి బస్సు పట్టుకుంటాడు. ఆ ఉదయం సూది వేసుకోడు. ఆస్పత్రిలో వాళ్ళే వేస్తారేమోనని ఒక అనుమానం, దారిలో కళ్ళు తిరుగుతాయేమోనని మరొక భయం. బస్టాండులో టీ, రెండు బన్నులు తింటాడు. వరుసలో కూర్చుని రక్తం ఇచ్చేసరికి పదకొండు గంటలవుతుంది. ఒకసారి అలా చేసిన పరీక్షలో చక్కెర 268 వచ్చింది.

సూది మానిన సంగతి ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు. 268 అంకె చూసిన డాక్టరు రెండు పూటలా మోతాదు పెంచారు. చేతిలో వున్న ఒక్క అంకె ప్రకారం అది సబబైన నిర్ణయమే. కాని ఇంటి వద్ద రోజూ సూది వేసుకుంటూ, వేళకు సంగటి తినే మనిషికి ఆ మోతాదు ఎక్కువైంది. రాత్రిళ్ళు చెమటలు పట్టడం, గుండె దడ, వణుకు మొదలయ్యాయి. ఇంట్లో వాళ్ళు ఎండదెబ్బ అనుకున్నారు. ఇరుగు పొరుగు వాళ్ళు గాలి సోకిందన్నారు. ఒకనాటి తెల్లవారుజామున నాలుగు గంటలకు పాలు పితకడానికి వెళ్ళిన రైతు కొట్టంలో కూలబడిపోయాడు. మాట తడబడింది, కోడలిని గుర్తు పట్టలేదు.

ఇంటర్మీడియట్ చదివిన ఆ కోడలు మీటరు తెచ్చి వేలు గుచ్చి చూసింది. 51 వచ్చింది. అప్పటికి ఇంకా మింగగలుగుతున్నాడు కనుక మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు మళ్ళీ చూస్తే 84. ఆయన లేచి కూర్చుని, ‘ఏమైంది మ్మా, అందరూ ఎందుకొచ్చినారు’ అని అడిగాడట.

ఆ తర్వాత ఆమె చేసిన పనే ఇక్కడ గమనించదగినది. పిల్లవాడి పాత నోటుబుక్కు తీసుకుని గీతలు గీసింది. వారం రోజుల పాటు ఉదయం టిఫినుకు ముందు, మధ్యాహ్న భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు, మళ్ళీ తెల్లవారుజామున మూడు గంటలకు పరీక్ష చేసి రాసింది. పక్కనే ఏం తిన్నాడు, ఎన్ని యూనిట్లు సూది వేసుకున్నాడు, ఆనాడు మడిలో పని వుందా లేదా అన్నది కూడా రాసింది. ఏడు రాత్రులలో నాలుగు రాత్రులు చక్కెర 70కి దిగువనే వుంది. ఆ రెండు పేజీలు ఫోటో తీసి డాక్టరుకు పంపింది. మర్నాడే రాత్రి మోతాదు తగ్గించమని ఫోనులో చెప్పారు. 268 వెనుక కథ అప్పుడు బయటపడింది.

సగటు చాటున దాగే ప్రమాదం

చక్కెర జబ్బు చికిత్సలో డాక్టర్లు ఎక్కువగా ఆధారపడేది హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష. గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెర ఎంతో అది చెబుతుంది. పనికొచ్చే పరీక్షే. కాని సగటుకు ఒక లోపం వుంది. ఒకరి రక్తంలో చక్కెర రోజంతా 150 దగ్గర నిలకడగా వుందనుకుందాం. మరొకరికి సగం వేళల్లో 50, మిగతా సగం 250 వుందనుకుందాం. ఇద్దరి సగటూ 150 మాత్రమే. మొదటివాడు నిశ్చింతగా నిద్రపోతాడు. రెండవవాడు ఏ రాత్రి పడిపోతాడో తెలియదు.

మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర సంవత్సరపు సగటు చెబితే రైతుకు ఏం లాభం? తన పంట దిగిన రోజు ధర ఎంతన్నదే అతనికి కావాలి. చక్కెర సంగతీ అంతే. ఏ వేళకు ఎంత వుందన్నది తెలిస్తేనే ఏ పూట మందు మార్చాలో తెలుస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో వెలువరించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు వున్నది. ఇది పట్నవాసుల జబ్బు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అన్న మాట పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది కాని, చౌడేపల్లె, పుంగనూరు, సోమల ప్రాంతాల్లో చక్కెర మాత్రలు వాడుతున్న ఇళ్ళు చూస్తే ఆ మాటకు కాలం చెల్లిందని తేలికగానే అర్థమవుతుంది.

నీలిమందు నుంచి మీటరు దాకా

ఒకప్పుడు ఇంట్లో చక్కెర చూసుకోవడమంటే మూత్ర పరీక్షే. బెనిడిక్టు ద్రావణం అనే నీలిమందును పరీక్షనాళికలో పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి కాచేవారు. రంగు మారకపోతే చక్కెర లేనట్లు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు తిరిగితే అంతకంతకూ ఎక్కువని అర్థం. అమెరికాకు చెందిన స్టాన్లీ బెనిడిక్టు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీన్ని కనిపెట్టారు. రక్తంలో చక్కెర బాగా పెరిగితే తప్ప మూత్రంలోకి రాదు. తక్కువైన సంగతి ఈ పరీక్ష ఎన్నడూ చెప్పలేదు.

రక్తపు చుక్కతో చక్కెర కొలిచే మొదటి మీటరు 1970 ప్రాంతంలో అమెరికాలో వచ్చింది. అది బరువైనది, ఖరీదైనది, డాక్టర్ల వద్ద మాత్రమే వుండేది. తర్వాత పదేళ్ళలో అది రోగుల చేతికి వచ్చింది. నేడు అరచేతిలో ఇమిడే మీటరు కొన్ని సెకన్లలో అంకె చెబుతున్నది. మీటరు చవకే. దానికి వాడే స్ట్రిప్పులే ఖర్చు. కంపెనీని బట్టి ఒక్కోటి పదిహేను, ఇరవై రూపాయలు, ఆ పైన వుంటున్నది. రోజుకు నాలుగు పరీక్షలంటే కూలి ఇంటికి మోయలేని భారమే. అందుకే చేసిన పరీక్ష వృథా పోకుండా చూసుకోవలసిన అవసరం మరింత వుంది.

తేదీ తప్పితే లెక్క తప్పినట్లే

ఇప్పటి మీటర్లలో చాలావాటికి జ్ఞాపకశక్తి వుంది. వందల కొద్దీ పరీక్షల ఫలితాలను తేదీ, వేళతో సహా దాచివుంచుతాయి. మీట నొక్కితే ఒక్కొక్కటీ వెనక్కు చూపుతాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా మరో చిక్కు వుంది. కొన్న రోజున మీటరులో తేదీ, గంట సరిచేసుకునేవారు తక్కువ. కొన్ని మీటర్లలో బ్యాటరీ మార్చినప్పుడు గడియారం మొదటికి వస్తుంది. అప్పుడు తెల్లవారుజామున చేసిన పరీక్ష మధ్యాహ్నం చేసినట్లు నమోదవుతుంది. అలాంటి లెక్క డాక్టరు చేతికి చేరినా ఉపయోగం లేకపోగా అపకారం కూడా జరగవచ్చు. పై ఉదంతంలోని కోడలు నోటుబుక్కును ఆశ్రయించిందీ ఇందుకే. ఆ ఇంటి మీటరులో తేదీ రెండేళ్ళు వెనకబడివుంది.

ఒకే మీటరుతో ఇంట్లో ఇద్దరు ముగ్గురు, ఒక్కోసారి పక్కింటివారు కూడా పరీక్ష చేసుకోవడం పల్లెల్లో మామూలే. ఎవరి అంకె ఎవరిదో మీటరుకు తెలియదు. లెక్క కలగాపులగమవుతుంది. అంతేకాదు, వేలు గుచ్చే సూది ఒకరిది ఒకరు వాడడం రక్తం ద్వారా సోకే జబ్బులకు దారి తీస్తుంది. ఈ రెండు కారణాల వల్లా ఒక మీటరు ఒకరికే వుండడం మంచిది. వీలుకానప్పుడు కనీసం సూదులు వేరుగా వాడి, అంకెను పేరుతో సహా పుస్తకంలో రాయాలి.

సెల్‌ఫోనుకు తనంతట తానే అంకెను పంపే మీటర్లు కూడా నేడు దొరుకుతున్నాయి. ఫోనులోని యాప్ ఆ అంకెలను వరుసగా పేర్చి పట్టికగా చేస్తుంది. దాన్ని డాక్టరుకు పంపవచ్చు. రాయడంలో పొరపాటు, బాగా వచ్చిన అంకెలే రాసి మిగతావి వదిలేయడం వంటివి ఇందులో వుండవు. డాక్టరు తిడతారని 240ని 140గా రాసుకునే రోగులు లేకపోలేదు. ఆ దొంగలెక్కకు మందు రాసిన డాక్టరూ, దాన్ని మింగిన రోగీ ఇద్దరూ మోసపోయినట్లే.

చేతికి అంటించే బిళ్ళ

కొత్తగా వచ్చిన మరొక పరికరం గురించి పట్నాల్లో ఇప్పుడు ఎక్కువగా వినబడుతున్నది. రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దదైన గుండ్రటి బిళ్ళను జబ్బ వెనుక అంటిస్తారు. దాని అడుగున వెంట్రుకంత సన్నని తీగ చర్మం కిందికి దిగి, అక్కడి ద్రవంలోని చక్కెరను రాత్రింబవళ్ళూ కొలుస్తూ వుంటుంది. ఫ్రీస్టైల్ లిబ్రే అనే పేరుతో వస్తున్న బిళ్ళ 14 రోజులు పనిచేస్తుంది. ఫోను దగ్గర పెడితే అంకె కనబడుతుంది. లెక్కంతా ఇంటర్నెట్ ద్వారా నిలువ చేరి, రోగి ఒప్పుకుంటే డాక్టరు తన గదిలో కూర్చుని చూడవచ్చు. రోగికి అంకెలు కనబడకుండా, 14 రోజుల తర్వాత డాక్టరే తీసి చూసే రకం కూడా వుంది.

ఈ బిళ్ళ పంపిన లెక్కను డాక్టర్లు ఒకే కాగితం మీద చూస్తారు. 14 రోజులనూ ఒకదానిమీద ఒకటి పరిచి, ఒక్క రోజుగా మార్చిన బొమ్మ అది. ఏ వేళకు చక్కెర పెరుగుతున్నదీ, ఏ వేళకు పడిపోతున్నదీ చూడగానే తెలుస్తుంది. 2019లో వివిధ దేశాల నిపుణులు కలిసి కొన్ని ప్రమాణాలు నిర్ణయించారు. చక్కెర 70కి, 180కి మధ్య రోజులో 70 శాతం కన్నా ఎక్కువ సేపు వుండాలి. 70కి దిగువన 4 శాతం కన్నా తక్కువ సేపే వుండాలి. వయసు మళ్ళినవారికి, పడిపోయే ప్రమాదం వున్నవారికి మాత్రం లెక్క వేరు. 70కి దిగువన 1 శాతం కూడా వుండరాదు, పైన కొంత పెరిగినా ఫరవాలేదు. ముసలివారికి చక్కెర పెరగడం కన్నా పడిపోవడమే తక్షణ ప్రమాదమన్నది దీని సారాంశం.

రాగి సంగటి తింటే చక్కెర పెరగదన్న నమ్మకం ఈ సీమలో బలంగా వుంది. బియ్యపు అన్నం కన్నా రాగిలో పీచు ఎక్కువన్న మాట నిజమే. కాని రాగి కూడా పిండి పదార్థమే. రెండు ముద్దలు తింటే రెండు ముద్దల చక్కెరా రక్తంలోకి వస్తుంది. తిన్న రెండు గంటలకు చూసిన అంకె ఈ సంగతిని ఏ ఉపన్యాసం కన్నా బాగా చెబుతుంది.

కాగా ఈ బిళ్ళ ఖరీదు వేలల్లో వుంది. నెలకు రెండు కావాలి. పైగా అది కొలిచేది రక్తాన్ని కాదు గనుక, చక్కెర వేగంగా మారుతున్నప్పుడు అసలు అంకెకు కొన్ని నిమిషాలు వెనకబడివుంటుంది. ఒంట్లో తేడాగా వుండి బిళ్ళ అంకె బాగుందని చెబితే వేలు గుచ్చి చూసుకోవడమే మంచిది. మాత్రలతో అదుపులో వున్నవారికి ఇది నిత్యం అవసరం కాదు. ఇన్సులిన్ వాడేవారికి, ముఖ్యంగా చిన్నతనంలోనే జబ్బు వచ్చిన పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు

లెక్క పంపడం తేలికైనకొద్దీ, అది ఎవరి కంట పడుతున్నదన్న ప్రశ్న కూడా వస్తున్నది. పెళ్ళి కావలసిన పిల్లకు చక్కెర జబ్బు వుందన్న సంగతి ఊరంతా తెలిస్తే ఏమవుతుందో తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు. గ్రామ వాట్సప్ గ్రూపులో పొరపాటున పడిన రక్తపరీక్ష కాగితాన్ని వెనక్కు తీసుకోవడం కష్టం. డాక్టరుకు పంపవలసినది డాక్టరు నెంబరుకే పంపాలి. యాప్‌లు పెట్టించేటప్పుడు ఎవరెవరికి చూసే అనుమతి ఇస్తున్నారో అడిగి తెలుసుకోవాలి.

రోగి లెక్క రోగిదేనన్నది చట్టం ఒప్పుకున్న సంగతి. వ్యక్తుల సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. ప్రభుత్వం 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నెంబరు ఇస్తున్నారు. ఆ నెంబరుతో ముడిపడిన రికార్డులను రోగి సమ్మతి లేనిదే డాక్టరు చూడరాదు. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే హక్కు కూడా రోగికి వుంది. నెంబరు తీసుకున్న పల్లెవాసుల్లో ఈ హక్కు సంగతి తెలిసినవారు అరుదు.

ఫోను ద్వారా వైద్య సలహా ఇవ్వడానికి 2020 మార్చి 25న కేంద్రం నియమావళి వెలువరించింది. రోగి తనంతట తాను ఫోను చేస్తే సమ్మతి ఇచ్చినట్లే భావిస్తారు. అయితే ఈ నియమావళి వర్తించేది రిజిస్టరైన డాక్టర్లకే. పల్లెల్లో ఆరెంపీలుగా పిలవబడేవారికి ఫోటోలు పంపి ఇన్సులిన్ మోతాదు మార్చుకోవడం ప్రమాదకరం.

కుప్పంలో మొదలైన ప్రయత్నం

ఇదిలా వుండగా, కుప్పంలో టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్‌ను 2025 జులైలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు. నియోజకవర్గ ప్రజల ఆరోగ్య వివరాలను కంప్యూటరులో నమోదు చేసి, పల్లెలోని ఆరోగ్య కేంద్రాన్నీ పెద్దాసుపత్రి డాక్టరునూ అనుసంధానించడం దీని ఉద్దేశం. పొరుగున వున్న కోలారు జిల్లాలో ఇలాంటి కేంద్రం అంతకు ముందే నెలకొన్నది.

ఇలాంటి ఏర్పాట్లలో ఆస్పత్రిలో చేసిన పరీక్షలు నమోదవుతాయి. ఇంట్లో వేలు గుచ్చి చూసుకున్న అంకెకు కూడా అందులో చోటు దొరికితేనే చక్కెర రోగికి పూర్తి ప్రయోజనం. ఊరికి వచ్చే 104 వాహనం వద్ద మాత్రలు తీసుకునే రోజున రోగి తన పుస్తకాన్నో, మీటరునో తెస్తే, అక్కడి సిబ్బంది పది నిమిషాలు వెచ్చించి చూస్తే, అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ముప్పై ఏళ్ళు దాటినవారికి చక్కెర, రక్తపోటు పరీక్షలు చేస్తున్న ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు మీటరులో తేదీ సరిచేయడం నేర్పినా పెద్ద మేలు జరుగుతుంది.

డాక్టరుకు కావలసింది నాలుగు మాటలు

నెలంతా పరీక్ష చేసుకోలేనివారు డాక్టరు వద్దకు వెళ్ళే ముందు మూడు నాలుగు రోజులైనా చేసుకుంటే మంచిది. అంకె ఒక్కటే చాలదు. ఏ రోజు ఏ వేళ, తిండికి ముందా తర్వాతా, ఏ మందు ఎంత, ఆనాడు విశేషం ఏమిటి అన్న నాలుగు మాటలు పక్కన వుండాలి. జ్వరం వచ్చిందా, పెళ్ళి భోజనమా, ఉపవాసమా, మడిలో కలుపు తీశారా అన్నది కూడా చెప్పాలి. మందు మానిన పూటను దాచరాదు. అన్నిటికీ మించి, చెమటలు పట్టి వణికిన సంఘటన ఒక్కటి జరిగినా అంకెతో సహా రాసి చూపాలి.

చక్కెర 70కి దిగువన వుంటే మూడు చెంచాల చక్కెర తీసుకుని, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోను చేయాలి. డాక్టరుకు ఫోటో పంపి జవాబు కోసం ఎదురుచూసే సమయం అది కాదు. పంపిన లెక్కను డాక్టరు ఆ క్షణానే చూస్తారన్న భరోసా ఏ యాప్‌లోనూ లేదు.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఇబ్బంది లేకపోలేదు. రోజుకు వంద మందిని చూసే డాక్టరుకు ఒక్కొక్కరి ఫోనులో వందల అంకెలు చూసే తీరిక వుండదు. అందుకే లెక్క ఒక్క పేజీలో ఇమిడివుండాలి. వారానికి ఏదో ఒక వేళ ఈ ఫోటోలు చూడడానికి కేటాయిస్తే రోగికి బస్సు ఖర్చు, ఒక రోజు కూలి మిగులుతాయి.

కొట్టంలో పడిపోయిన ఆ రైతు ఇప్పుడు కోలుకుని, యథాప్రకారం తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పాలు పితుకుతున్నాడు. డాక్టరు వద్దకు వెళ్ళే రోజున సూది మానడం లేదు. టిఫిను మూట కట్టుకుని వెళుతున్నాడు. పాల చీటీలు దాచే సంచిలోనే ఆ నోటుబుక్కు కూడా వుంటున్నది. కోడలు పుట్టింటికి వెళితే బడి నుంచి వచ్చిన మనవడు అంకె రాస్తున్నాడు. రాత్రి మోతాదు తగ్గించిన తర్వాత ఆ పుస్తకంలో 70కి దిగువన అంకె ఒక్కటీ పడలేదు.